అధ్యాయం మధ్యలో

కన్నారావు ముందు బుట్టలోని కాగితం తీసి కళ్ళకద్దుకున్నాడు. ఆ తర్వాతే బుట్టను కాలితో తన్నాడు.

ఎండు నెత్తళ్ళు మట్టిలో చెల్లాచెదురయ్యాయి. ఉప్పు పట్టిన తెల్లటి చేపలు, ఒక్కొక్కటి చిటికెన వేలంత. బుట్ట దొర్లుకుంటూ వెళ్ళి బెల్లం బండి చక్రానికి తగిలి ఆగింది. సంతలో ఆ బుట్ట పెట్టుకుని అమ్ముకునే మరిడమ్మ లేవబోయి లేవలేదు. కోడి పిల్లల మీద రెక్కలు చాచినట్టు రెండు చేతులూ చేపల మీద అడ్డం పెట్టింది.

"కాగితాలు తొక్కకండర్రా," అని కన్నారావు అరిచాడు. "చూసి అడుగెయ్యండి. ఒక్క అక్షరం కాలికింద పడ్డా కళ్ళు పోతాయి."

చుట్టూ చేరినవాళ్ళు చూసే అడుగేశారు. వంగి, కాగితాలు ఏరి, ఒక్కొక్కదాన్నీ కండువాతో తుడిచి, నుదుటికి ఆనించి, కన్నారావు చేతికి అందించారు. చేపల మీద అడుగు పడటానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఎండు చేప చెప్పు కింద పడితే పుల్ల విరిగినంత చప్పుడవుతుంది. సత్తియ్య మాస్టారు మందులకొట్టు అరుగు పక్కన నిలబడి ఆ చప్పుడు వింటున్నాడు. చంకలో బడి హాజరు పట్టీ ఉంది. బడికి వేళ దాటిపోతోంది. అయినా కదల్లేదు.

కన్నారావు బెల్లం మార్కెట్టులో దళారీ. సత్తియ్య భార్య గంగాభవానికి అన్న. ఆ ఉదయం అతని ఇంట్లో వంటకని నెత్తళ్ళ పొట్లం విప్పారు. పొట్లం కాగితం మీద పసుపు మరకా, అంచున చనిపోయిన తండ్రి చేతిరాతా కనిపించేసరికి చద్దన్నం ముందునుంచి లేచి వచ్చేశాడు. చెయ్యి సరిగ్గా కడుక్కోనూ లేదు. వేళ్ళ మధ్య మెతుకులు ఎండి ఉన్నాయి. ఆ చేత్తోనే కాగితాలు పట్టుకున్నాడు.

"ఇదేటో తెలుసా నీకు?"

"కాయితం బాబూ."

"కాయితమా! సప్తాహం పుస్తకం ఇది. మా నాన్న నలభై ఏళ్ళు పూజ చేసిన గ్రంథం. ఏడు రోజులు పారాయణ చేస్తే ఎంతటి రోగమైనా ఇంట్లోంచి లేచిపోవాల. దీన్లోన నెత్తళ్ళు కడతావా?"

"నానేటి సదువుకున్నానా బాబూ. దొరల బొమ్మలుంటే పేపరని తెలుత్తాది. బొమ్మ నేకపోతే అన్నీ ఒకటే నాకు, సీమలు పాకినట్టుంటాయి."

వెనక ఎవరో నవ్వారు. కన్నారావు అటు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఎక్కడిది?"

"మౌలా సాయిబు కొట్లో కొన్నాను. కట్టగట్టి ఇచ్చేడు."

మౌలా సాహెబ్ చిత్తుకాగితాల కొట్టు ఆ వీధిలోనే, నాలుగు అంగళ్ళ అవతల. యుద్ధం ఆగి ఏడాది దాటినా కాగితం కరువు తీరలేదు. పొట్లాలు కట్టుకునేవాళ్ళంతా అతని దగ్గరికే రావాలి. పిలిస్తే వచ్చాడు. విరిగిన కళ్ళజోడు కాడకు బదులు తాడు చెవికి చుట్టుకున్న ముసలాయన. కాగితం కేసి చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూశాడు. ఆ తర్వాత ఒక్క క్షణం మందులకొట్టు అరుగు వైపు చూశాడు.

"నా కొట్లో అన్నీ ఇంగ్లీషు పేపర్లే బాబూ," అన్నాడు. "ఇది నాది కాదు."

"ఓలమ్మో! సాయిబూ, మొన్న కాదేటి నువ్వు తూసి నా సేతికిచ్చేవు? రామ్మా, మంచి గట్టి కాయితం, నూనె కూడా దిగదన్నావు కాదా?"

"నాది కాదమ్మా."

నేలకేసి చూస్తూ అన్నాడు. కన్నారావు గొంతు తగ్గించాడు. గొంతు తగ్గితేనే అతన్ని చూసి మార్కెట్టులో భయపడతారు.

"మా చెల్లెలింటికి చేపలమ్మడానికి పోతావా నువ్వు?"

"పోతాను. ఆయమ్మ ఉన్నన్నాల్లూ నాకాడే కొనీది. మారాజు బిడ్డ, ఏనాడూ బేరమాడనేదు."

"ఆవిడ పోయింది. ఇంట్లో ఆడదిక్కు లేదు. మాస్టారు బడికెళ్తే తలుపుకి గొళ్ళెమే గాని తాళం ఉండదు. తోసుకుని దూరేవు. చేతికందింది పట్టుకొచ్చేవు."

"నా కడుపున పుట్టినోల్ల మీద ఒట్టు, నాను..."

"బావా!" కన్నారావు సత్తియ్యను చూశాడు. "ఇక్కడే ఉన్నావా. ఇలా రా. చెల్లెలి రోగానికి పారాయణకని నేనిచ్చిన గ్రంథం మీ ఇంట్లో వ్యాసపీఠం మీద ఉందా?"

జనం దారి ఇచ్చారు. సత్తియ్య ముందుకు రాలేదు.

"లేదు," అన్నాడు.

ఆ మాట నిజం.

"ఎప్పట్నించి లేదు?"

"చూసుకోలేదు."

ఆ మాట నిజం కాదు. మూడు వారాల కిందట, భార్య మాసికం పెట్టిన మర్నాడు, ఆ పుస్తకాన్ని పీట మీంచి తీసి, సంచిలో వేసి, నడుచుకుంటూ వచ్చి, మౌలా సాహెబ్ తక్కెట్లో పెట్టింది అతనే.

తీర్పు అక్కడే, నిలబడే చెప్పారు. పుస్తకం మళ్ళీ కుదుర్చుకుని కన్నారావు సప్తాహం చేయిస్తాడు. ఆ ఏడు రోజులూ మరిడమ్మ పందిరి బయట కూర్చుని పురాణం వినాలి. విన్న చెవులకు పాపం పోతుంది. అప్పటిదాకా బుట్ట కన్నారావు గొడౌనులో ఉంటుంది. ఆమె సంతలో కూర్చోకూడదు. కాదంటే దొంగతనం కేసు.

"ఏడ్రోజులా! రాంబిల్లిలో పిల్లలున్నారు బాబూ నాకు. అమ్ముకోపోతే ఈ సరుకు పురుగు పడిపోద్ది."

"పురుగు నీలో పడింది," అన్నాడొకడు. ఈసారి నవ్వినవాళ్ళ కేసి కన్నారావు చూడలేదు.

సత్తియ్య బడికి వెళ్ళాడు. హాజరు పిలిచాడు. పిలుస్తున్నంతసేపూ తన చెప్పు అడుగున ఏదో అంటుకుని ఉన్నట్టనిపించింది. పిల్లలు బయటికి వెళ్ళాక తిప్పి చూసుకున్నాడు. ఒక చేప తల.

*

మర్నాడు పిల్లలు పలకల మీద లెక్కలు చేస్తున్నారు. మధ్యాహ్నం గంట కొట్టాక మౌలా సాహెబ్ బడి గుమ్మం దగ్గర కనిపించాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. చెప్పులు విడిచి గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"పంతులుగారూ, ఆరోజు నేను అడిగేను కదా."

"అడిగారు."

"ఏటని అడిగేను? ఇందులో మీ దేవుడి పుస్తకాలు లేవు కదా అని. మా అక్షరం అయితే నాకు తెలుస్తుంది. చిన్న ముక్క కనపడినా తీసి గోడ గూట్లో పెడతాను, పొట్లాల్లోకి పోనివ్వను. మీ అక్షరం నాకు చదవడం రాదు. అందుకని అడిగేను. మీరేమన్నారు?"

"లేవన్నాను."

"చదువు చెప్పే మనిషి లేవంటే ఇంక నేను విప్పి చూడాలా?" సాహెబ్ కళ్ళజోడు తాడు సర్దుకున్నాడు. నిష్ఠూరం ఆడటానికి వచ్చినట్టు లేడు. అలిసిపోయి ఉన్నాడు. "నిన్న అబద్ధమాడేను. ఆ మనిషి ఎదురుగా నిలబడి ఆడేను. రాత్రి అన్నం సహించలేదు. కాని రోజులు బాగోలేవు పంతులుగారూ. రైల్లో వచ్చే పేపర్లన్నీ నా కొట్లోనే కదా తూకానికొస్తాయి. చదవలేను గాని బొమ్మలు కనపడతాయి. ఎక్కడెక్కడో కాలిపోయిన కొట్లు. అందులో ఒకటి అచ్చం నా కొట్టులాగే ఉంది."

సత్తియ్య పిల్లలు వదిలేసిన పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఏదన్నా అంటే అది తనకు అనుకూలంగా ఉంటుందేమోనని భయమేసింది.

"నా పేరు రానివ్వకండి. అంతే అడగడానికి వచ్చేను." కాళ్ళు చెప్పుల్లో పెట్టుకుని, మళ్ళీ ఆగాడు. "మీ ఇంటావిడ నాకు చిత్తుకాగితాలు ఎప్పుడూ అమ్మలేదు. పిల్లల పరీక్ష కాగితాల వెనక పక్క ఖాళీగా ఉంటే కుట్టి పుస్తకాలు చేసీవారు. అది గుర్తొచ్చింది."

వీధిలో టముకు వినిపించింది. కన్నారావు వేయించిన టముకు. గత నాలుగైదు రోజుల్లో నెత్తళ్ళ పొట్లాలు కొన్నవాళ్ళు, కాగితం ఇంకా ఉంటే, శుచిగా తెచ్చి బెల్లం గొడౌనులో అప్పజెప్పాలి. పొయ్యిలో వేసినవాళ్ళు శారదా నదిలో మూడు మునకలు వెయ్యాలి. పిల్లలు బడి మానుకుని టముకు వెంట పరిగెత్తారు. మౌలా సాహెబ్ గోడవారగా, చెట్టు నీడల్లోంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

*

గొడౌనులో సగం మేర బెల్లం దిమ్మలు. మిగిలిన సగంలో చాపలు పరిచి, వాటి మీద కొత్త గుడ్డ పరిచి, కాగితాలు ఆరబెట్టారు. వాటిని వరసలో పేర్చే పని సత్తియ్యకు వచ్చింది. ఆ పుస్తకాన్ని చివరిదాకా చదివినవాడు ఊళ్ళో అతనొక్కడే. పూజ చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఇత్తడి పళ్ళెంలో పూలు, పసుపు, హారతి కర్పూరం. మధ్యలో చేప వాసన కొట్టే కాగితం. ఒకామె నూనె మరక పడిన పుటను తడిగుడ్డతో తుడిచి తెచ్చింది. సగం అక్షరాలు గుడ్డకే వచ్చేశాయి. ఆ గుడ్డ పారెయ్యడం పాపం అవుతుందా అని అడిగింది. సప్తాహానికని కన్నారావు పిలిపించిన పురాణం పంతులు కాసేపు ఆలోచించి, గుడ్డ కూడా ఇక్కడే ఉంచమన్నాడు. గుడ్డకూ బొట్టు పెట్టారు.

వాసన పోవడానికి ప్రతి పుట అంచుకూ గంధం రాశారు. గంధం, ఉప్పు చేప, బెల్లం మూడూ కలిసి గొడౌనంతా ఒక తియ్యటి కుళ్ళు వాసన. ఈగలు దిమ్మల మీంచి లేచి పుటల మీద వాలుతున్నాయి, పుటల మీంచి లేచి దిమ్మల మీద. ఎక్కడినుంచో ఒక బూడిదరంగు పిల్లి వచ్చి, చాప అంచున కూర్చుని, ఒక పుటను నాకడం మొదలెట్టింది.

"హే! హే!" అని పంతులు చెయ్యి విసిరాడు. "గ్రంథం! గ్రంథం!"

పిల్లికి అర్థం కాలేదు. దాన్ని తోలడానికి పోతురాజనే కూలివాణ్ణి కర్ర ఇచ్చి కూర్చోబెట్టారు.

"నాకు దినకూలీ ఇస్తారా దీనికి?" అన్నాడు పోతురాజు.

"పుణ్యమొస్తాదిరా."

"పుణ్యం ఇంటిదానికిస్తే కొలుచుకోదు బాబూ." కర్ర మాత్రం పట్టుకున్నాడు.

సత్తియ్య వంచిన తల ఎత్తకుండా పుటలు పేరుస్తున్నాడు. రోజుకు మూడు అధ్యాయాలు, ఏడు రోజులకు ఇరవై ఒకటి. ప్రతి అధ్యాయం చివరా ఒకటే వాగ్దానం: ఎవరింట ఈ గ్రంథము ఏడు దినములు వినబడునో ఆ ఇంట వ్యాధి నిలువదు. పదహారో అధ్యాయం పుటలు అన్నీ దొరికాయి, పదకొండూ. ఒక్కటి కూడా చేపల కింద పోలేదు. రెండో పుట అంచున, ఐదో పుట అంచున, అక్షరాల కింద గోరుతో గట్టిగా నొక్కిన గీతలున్నాయి. సత్తియ్య వాటిని చూశాడు. తన బొటనవేలి గోరు చూసుకున్నాడు. ఆ పదకొండు పుటల మీదా పదిహేడో అధ్యాయం బోర్లించి పెట్టాడు.

కన్నారావు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. మోచేతి దాకా గంధం.

"నేనే అమ్మాను బావా," అన్నాడు సత్తియ్య.

కన్నారావు చేతికున్న గంధాన్ని వేలితో గీకుతూ ఉండిపోయాడు. పోతురాజు పిల్లిని అదిలించాడు.

"తెలుసు," అన్నాడు కన్నారావు. "మొన్న సాయంత్రమే మీ ఇంటికెళ్ళేను. వ్యాసపీఠం మడిచి గోడకానించి ఉంది. దాని మీద గుడ్డ కప్పుంది. దొంగది పీట మడిచి, గుడ్డ కప్పి పోతాదేటి?"

"మరి మరిడమ్మని..."

"నెమ్మదిగా మాటాడు." పంతులు దూరంగా ఉన్నాడని చూసుకున్నాడు. "ఊరికేటి చెప్పమంటావు? గంగాభవాని మొగుడే గ్రంథాన్ని చిత్తుకాగితాలకి అమ్మేశాడనా? ఎందుకమ్మేడు అంటారు. పారాయణ చేసినా మనిషి దక్కలేదు, అందుకమ్మేడు అంటారు. అప్పుడు గ్రంథం మాటేటి? రేపు ఎవరింట్లోన నమ్ముతారు?"

"నిజమే కదా. దక్కలేదు కదా."

"గ్రంథంలోన తప్పుండదు బావా." కన్నారావు జాలిగా చూశాడు. "చదవడంలోనే ఎక్కడో తప్పొచ్చింది. ఒక అక్షరం జారుంటాది. మనసు ఎటో పోయుంటాది. నేనేనాడైనా అన్నానా నిన్ను? నా చెల్లెల్ని పోగొట్టుకుని కూడా ఒక్క మాటన్నానా?"

"విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్దామన్నాను."

"పారాయణ మొదలెట్టిన ఇంట్లోంచి రోగిని కదపకూడదని గ్రంథంలోనే ఉంది. నువ్వు చదివిందే కదా." కన్నారావు అతని భుజం మీద చెయ్యి వేశాడు. గంధం చొక్కాకు అంటుకుంది. "అందుకే నువ్వే మళ్ళీ చదవాల. ఈసారి తప్పు రాకుండా. ఏడో రోజు పొద్దుగూకేసరికి దాని బుట్ట దానికిచ్చేస్తాను. నువ్వు కాదన్నావా, కేసు పెట్టక తప్పదు నాకు. సాయిబు పేరూ వస్తాది. చూసుకో."

సత్తియ్య చేతిలో ఉన్న పుట తడిగా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఒక నిమిషం తోచలేదు.

"ఎన్నింటికి మొదలు?" అన్నాడు.

*

గొడౌను ముందు తాటాకు పందిరి వేశారు. తిరిగి కుట్టిన పుస్తకాన్ని ఎర్ర పట్టులో చుట్టి, బండి మీద పెట్టి, మేళంతో నాలుగు వీధులూ తిప్పి తెచ్చారు. అప్పటికే కథ మారిపోయింది. పుస్తకాన్ని దొంగ చేపల్లో పెట్టినా చేప నీచు అంటలేదట. పొయ్యిలో వేసిన పుట కాలలేదట. తన ఇంటిని తనే వెతుక్కుంటూ వచ్చిందట. ముందువరసలో కూర్చున్నవాళ్ళు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని ఆ మహిమ చెప్పుకుంటున్నారు.

పందిరి నీడ ఆగిపోయిన చోట ముగ్గుతో గీత గీశారు. గీత అవతల, ఎండలో, మరిడమ్మ. కాళ్ళు ముడుచుకుని, కొంగు నెత్తిన వేసుకుని కూర్చుంది. మొదటి అధ్యాయం అయ్యేసరికి ఎండ బాగా ఎక్కింది. ఆమె నీడ ఆమె కిందికే ముడుచుకుంది.

రెండో అధ్యాయానికి ముందు పంతులు నియమం మరోసారి చెప్పాడు. "అధ్యాయం మొదలయ్యాక చదివేవాడు లేవకూడదు. మాట్లాడకూడదు. వినేవాళ్ళు కదలకూడదు. మధ్యలో లేస్తే విన్న పుణ్యం కాస్తా లేచిన కాలికే చుట్టుకుంటుంది."

సత్తియ్య చదవడం మొదలెట్టాడు. అతనిది శుభ్రమైన గొంతు. ఒత్తులు ఎక్కడా జారవు, విరామాలు ఎక్కడా తప్పవు. బడి తనిఖీకి వచ్చిన ఇనస్పెక్టర్లు ఆ గొంతును మెచ్చుకుని వెళ్ళేవారు. పుట తిప్పితే గంధం కింద నుంచి నీచు వాసన ముఖానికి కొట్టింది. చదివాడు. ఒక రాజుకు రోగం వచ్చింది. ముని వచ్చాడు. ముని ఇంకో రాజు కథ ఎత్తుకున్నాడు. ఆ రాజుకూ రోగమే.

"బాబూ," అంది మరిడమ్మ. "కాసిన్ని నీల్లు."

గొడౌను అరుగు మీద బండివాళ్ళ కోసం పెట్టిన కుండ ఉంది. మూత మీద సత్తు లోటా బోర్లించి ఉంది. పందిట్లో ఉన్నవాళ్ళందరికీ అది కనపడుతోంది. కొందరు దానికేసి చూసి, మళ్ళీ పుస్తకం కేసి చూశారు. కన్నారావు కళ్ళు మూసుకుని, చేతులు జోడించుకుని ఉన్నాడు.

సత్తియ్య చదివాడు. బొటనవేలి గోరు అక్షరాల కింద నొక్కుకుంది. అతను నొక్కలేదు, అదే నొక్కుకుంది.

ఆ రోజూ ఇలాగే. ఆరో రోజు, పదహారో అధ్యాయం, రెండో పుట. లోపలి గదిలోంచి గంగాభవాని, "ఏవండీ, కాసిని నీళ్ళు," అంది. ఇల్లంతా జనం. ఎవరూ కదలకూడదు. కన్నారావు పక్కనే కూర్చుని వద్దని తల ఊపాడు. ఐదో పుటలో ఇంకోసారి అంది. ఈసారి నీళ్ళు అనలేదు. "ఏవండీ," అని మాత్రం అంది. అతను ఇంకా ఆరు పుటలు చదివాడు. ఒక్క ఒత్తు జారలేదు. పుస్తకం మూసి, కళ్ళకద్దుకుని, లోపలికి వెళ్ళేసరికి ఆమె చెయ్యి మంచం పక్కకు జారి ఉంది. వేళ్ళకు జానెడు దూరంలో చెంబు ఉంది. నిండుగా.

"మాస్టారు బాబూ," అంది మరిడమ్మ. గొంతు పొడిగా, చిన్నగా వచ్చింది. "నోరెండిపోతంది."

సత్తియ్య వాక్యం మధ్యలో ఆగాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. గుక్క తిప్పుకుంటున్నాడనుకున్నారు. అతను లేచి నిలబడ్డాడు. ఒళ్ళోంచి పట్టుగుడ్డ జారిపడింది.

"మాస్టారూ!" పంతులు అదిరిపడ్డాడు. "అధ్యాయం! అధ్యాయం మధ్యలో!"

"కూర్చో బావా," అన్నాడు కన్నారావు కళ్ళు తెరిచి.

సత్తియ్య మనుషుల మధ్యనుంచి అడుగులు వేసుకుంటూ అరుగు దగ్గరికి వెళ్ళాడు. లోటా కడిగి నీళ్ళు ముంచాడు. ఎవరూ కదలకూడదు కనుక ఎవరూ ఆపలేదు. ముగ్గు గీత దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. బడిలో లెక్క చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"పుస్తకం ఈవిడ దొంగిలించలేదు. నేనే అమ్మాను. ఇందులో దేవుడి పుస్తకం ఉందా అని సాహెబ్ అడిగాడు. లేదని అబద్ధం చెప్పాను. కన్నారావుకి ఈ సంగతి తెలుసు."

అతను అరుపు కోసం ఎదురుచూశాడు. వచ్చింది కూడా. అయితే అది వేరే అరుపు.

"అవన్నీ తర్వాత చూసుకుందాం, ముందు అధ్యాయం పూర్తి చెయ్యండి!"

"మధ్యలో ఆపితే ఊరికి అరిష్టం!"

"ఎవరు అమ్మితే ఏటి, పుస్తకం దొరికింది కదా, కూకోండి మాస్టారూ, నాకు కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి!"

కన్నారావు వంగి, తెరిచి ఉన్న పుట ఎగిరిపోకుండా అరచెయ్యి ఆనించాడు.

సత్తియ్య గీత దాటాడు. మరిడమ్మ లోటా అందుకుని, ఎత్తి పోసుకుంది. సగం నీళ్ళు మెడ మీదికి కారాయి. తాగి, మూతి తుడుచుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని అతన్ని చూసింది.

"నువ్వా అమ్మీది?"

"నేనే."

"మరి ఆవేల సంతలోన నీ నోరేటైపోయింది?"

ఆమె జవాబు కోసం ఆగలేదు.

"నా బుట్టేది?"

గొడౌను లోపల, దిమ్మల వెనక ఉంది. పుస్తకం పందిట్లోకి వెళ్ళిపోయాక పోతురాజు కర్ర గోడకానించి తనూ పురాణానికి వెళ్ళాడు. బుట్టలో బూడిదరంగు పిల్లి చుట్టచుట్టుకుని పడుకుని ఉంది. పొట్ట ఉబ్బింది, మూతి మీద రెండు పొలుసులు మెరుస్తున్నాయి. సత్తియ్య బుట్టతో సహా ఎత్తుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. మరిడమ్మ బుట్ట వంచింది. పిల్లి దూకి, ఒళ్ళు విరుచుకుని, పందిట్లోకి నడిచింది. అడుగున నాలుగు దోసిళ్ళ నెత్తళ్ళు మిగిలాయి. ఆమె వాటిని ఒకసారి కదిపి, వాసన చూసి, విరిగినవి ఏరి పక్కన పెట్టింది.

పందిట్లో పంతులు గొంతు ఎత్తుకున్నాడు. ఎక్కడ ఆగిందో తెలియక అధ్యాయం మొదటినుంచీ చదువుతున్నాడు. రాజుకు మళ్ళీ రోగం వచ్చింది.

"ఇక్కడ ఈల్లకి సెప్పేవు," అంది మరిడమ్మ. "ఈల్లు నాకాడ కొంటారా? కొనీది ఆల్ల ఆడోల్లు. నానెల్లి కూకుంటే, దొంగది వచ్చింది, గుమ్మం ఎక్కనీకండని తలుపులేసేసుకుంటారు. నా బేరం పోయిందా నేదా?"

"పోయింది."

"రేపు సంత. పొద్దున్నే రా. నా పక్కన కూకో. వచ్చిన ఆడమడిసికల్లా సెప్పు, పుస్తకం నానమ్మేనూ, ఈ మడిసి కాదూ అని. వచ్చినోల్లందరికీ సెప్పాల."

"చెప్తాను."

"బడుందీ, గంట కొట్టేరూ అని లెగిసిపోతావేమో."

"సెలవు పెడతాను. ఎంతసేపు ఉండమంటావు?"

మరిడమ్మ బుట్ట నడుముకు ఎత్తుకుంది. లోటా అతని చేతికిచ్చింది.

"సేపలు అయిపోయేదాకా," అంది. "మద్దిలో ఎలిపోకు."